నీళ్ళ దారి ముందు

కారు ఇంజనులో వాటర్ పంపంత నోరులేని జీవి మరొకటి లేదు. పక్కన నిప్పు మండుతుంటే దాని చుట్టూ నీళ్ళు తిప్పుతూ ఉండడమే దాని బతుకు. తిరిగినన్నాళ్ళూ దాని మొహం చూసే దిక్కుండదు. హారన్ మోగకపోతే ఆ పూటే మెకానిక్ దగ్గరికి పరిగెత్తే పెద్దమనిషి, పంపు కింద నెలల తరబడి చుక్క చుక్క కారుతున్నా నేల తుడిపించి ఊరుకుంటాడు. అది కాస్తా ఆగిపోయి, ఇంజను కుతకుత ఉడికి, నడిరోడ్డు మీద ఆవిరి లేచాక తలబాదుకుంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అచ్చంగా ఇదే.

అలాంటి పంపులకు దిక్కుగా ఆ రిపేర్ల వీధిలో ఒకాయన ఉండేవాడు. వీధంతా అతన్ని పంపు మామ అనేది. అతని భార్య కాబట్టి ఆవిడ అత్త. ఈ వరసలు మొదట ఎవరు కలిపారో తెలియదు. మామకన్నా వయసులో పెద్దవాడైన టైర్ల షాపు ముసలాయన కూడా నోరారా మామా అనే పిలిచేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. పిలిచేవాళ్ళకు మాత్రం లోటు లేదు.

షెడ్డు అంటే రెండు గోడల మధ్య ఇరుక్కున్న రేకుల గది. ఒక కారు లోపలికి వస్తే రెండో కారు ముక్కు వీధిలోనే. గచ్చు ఆయిలు తాగి తాగి నల్లబడింది. గోడకు స్పానర్లు, పాత బెల్టులు, ఎప్పటివో హోస్ పైపులు. వెనక తలుపు తీస్తే ఇల్లు: ఒక గది, ఒక వంటిల్లు, గిన్నె పెడితే గాని ఊరుకోని కారే కుళాయి. ఊళ్ళో వాళ్ళ పంపులన్నీ బాగుచేసేవాడు సొంతింటి కుళాయి బాగుచెయ్యడేమని అత్త ఎన్నేళ్ళు సాధించినా అది కారుతూనే ఉంది.

మామ చెయ్యి మంచిదే. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ ఊపి బేరింగు ఎంత అరిగిందో చెప్పేవాడు. పాత సీలు పీకి కొత్త సీలు దించితే మళ్ళీ చాలాకాలం చుక్క కారేది కాదు. అయితే ఆ వీధిలో చెయ్యి మంచివాళ్ళు ఇంకా ఉన్నారు. మామ షెడ్డు దగ్గరే కార్లు వరసకట్టడానికి కారణం అత్త కోసే ప్యాకింగ్.

పంపునీ ఇంజనునీ ఇనుముకి ఇనుము ఆనించి బిగిస్తే నీళ్ళు ఆగవు. మధ్యలో దళసరి కాగితం ఉండాలి. అదే ప్యాకింగ్. పంపు మొహం ఎలా ఉందో కాగితం అచ్చంగా అలా ఉండాలి: చుట్టూ బోల్టు కన్నాలు, నడిమధ్య కోడిగుడ్డు ఆకారంలో కిటికీ. ఆ కిటికీలోంచే నీళ్ళు పంపులోంచి ఇంజనులోకి పోతాయి. బజార్లో తయారుగా దొరికేవి ఎక్కడో అక్కడ వెంట్రుకవాసి తేడా ఉంటాయని, ఆ తేడాని మింగడానికి మిగతా షెడ్డులవాళ్ళు జిగురు మీద జిగురు పూస్తారు. అత్త ప్యాకింగ్‌కి జిగురు అక్కర్లేదు. వేలితో గ్రీజు రాస్తే చాలు.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు మామ కత్తెరతో కాగితం కోస్తూ తిట్టుకుంటుంటే ఆవిడ పక్కన నిలబడి చూసింది. "అట్లా కాదు, ఇటివ్వండి" అని లాక్కుంది. పంపు మొహం మీద కాగితం పరిచి, బొటనవేలితో అదిమి, గుండ్రటి తల సుత్తితో అంచు వెంట టకటక కొడుతూ పోయింది. ఇనుము అంచే కాగితాన్ని కోసేసింది. ఎక్కడ నేర్చుకున్నావని మామ అడిగితే, "నేర్చుకునేదేముంది, దాని మొహం అదే చెబుతోందిగా" అంది. ఆ పూట నుంచి షెడ్డులో కిటికీ కింద బెంచి ఆవిడదైంది.

ఆవిడకో పద్ధతి ఉండేది. ముందు నడిమి కిటికీ కోసేది, తర్వాత బోల్టు కన్నాలు, చివర బయటి అంచు. ఏ ప్యాకింగ్ అయినా అంతే. "నీళ్ళ దారి ముందు" అని పైకే అనుకుంటూ మొదటి దెబ్బ కొట్టేది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "బోల్టు కన్నం మర్చిపోతే బోల్టే గుర్తు చేస్తుంది. నీళ్ళ దారి మర్చిపోతే గుర్తు చేసేవాడెవడు?" అనేది. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకునేవారు. అందులో నవ్వడానికేముందో ఆవిడకు తెలిసేది కాదు.

కోసిన ప్యాకింగ్‌కి గ్రీజు రాసి, పంపు మొహానికి తనే అతికించి, పంపుతో సహా మామ చేతికిచ్చేది. మామ తీసుకెళ్ళి బిగించేవాడు. అతనికీ ఒక పద్ధతి ఉంది. నీళ్ళు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను తిప్పి, రేడియేటర్ పై గొట్టం మీద ఒక చెయ్యి, కింది గొట్టం మీద ఒక చెయ్యి వేసి నిలబడేవాడు. పై గొట్టం వేడెక్కి, ఆ వెనకే కిందిది వెచ్చబడితే నీళ్ళు తిరుగుతున్నట్టు. అప్పుడు గాని కారు వీధిలోకి వెళ్ళనిచ్చేవాడు కాదు. వచ్చినవాడు ఎంత తొందరపడినా, "చల్లారిన కాఫీ తాగుతావా? గొట్టం కూడా అంతే, ఉండు" అనేవాడు. రెండు పద్ధతులు, రెండు జతల చేతులు. ఆ షెడ్డులోంచి వెళ్ళిన బండి ఏదీ దారిలో ఆగలేదు.

ఇంతకీ అత్త తమ్ముణ్ణి గురించి చెప్పాలి. తల్లి చనిపోయేనాటికి వాడు ఆవిడ చంకలో పిల్లాడు. అన్నం కలిపి పెట్టింది, బడికి పంపింది, బడి ఎగ్గొడితే వీపు విమానం మోత మోగించింది, చివరికి డ్రైవింగ్ నేర్పించమని మొగుడి ప్రాణం తీసింది. వాడు కష్టపడి సొంతానికో పాత కారు కొనుక్కుని అద్దెకు తిప్పుతున్నాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అందరి నోట్లోకీ నాలుగు వేళ్ళు పోయేది ఆ కారు మీదే. బావాబావమరుదులకు క్షణం పడేది కాదు, క్షణం విడిచి ఉండేవాళ్ళూ కాదు. "మా అక్క కాగితం లేకపోతే పంపులోంచి నీళ్ళు కాదు బావా, నీ పరువు కారేది" అని వాడు. "మీ అక్క నాకు కట్నంగా తెచ్చింది నిన్నొక్కణ్ణేరా, అదీ రిపేరుకొచ్చిన సరుకు" అని మామ. అత్త తలెత్తకుండా సుత్తి కొడుతూనే ఇద్దర్నీ తిట్టేది.

అలాంటి అత్తకి మతి జారడం మొదలైంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. చెప్పిందే చెప్పేది, అదెవరికి లేదు? కాగితానికి కన్నాలు కొట్టే పంచిలు మేకులకు తారుమారుగా తగిలించింది. టీ తెచ్చిచ్చి, కాసేపటికి మళ్ళీ ఇంకో టీ తెచ్చింది. మామ రెండూ తాగాడు. ఒకరోజు వెనక గదిలోంచి వచ్చి షెడ్డు మధ్యలో నిలబడి, "ఈ కార్లన్నీ మనింట్లో ఎందుకున్నాయండీ?" అని అడిగింది. మామ చేతిలో స్పానరు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ అంతలోనే తేరుకుని, నవ్వేసి, వెళ్ళి బెంచి దగ్గర కూర్చుంది. మర్నాడే మామ ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరు దాచలేదు. ఇది మందులతో మళ్ళీ వెనక్కి వచ్చేది కాదన్నాడు. తెలిసిన పని చేసుకోనివ్వండి, ఎప్పుడూ ఒకరు పక్కన కనిపెట్టుకుని ఉండండి, ఇంట్లోవాళ్ళందరికీ సంగతి చెప్పండి అన్నాడు. మామ తెలిసిన పని చేసుకోనివ్వండన్న ముక్క గుండెల్లో దాచుకున్నాడు, మిగతా రెండూ ఆస్పత్రి మెట్ల మీదే వదిలేశాడు. జబ్బు పెళ్ళానికైతే మతిమరుపు మొగుడికొచ్చింది.

ఊరికే కాదు. బెంచి ముందు కూర్చుని సుత్తి పట్టుకుంటే అత్త మునుపటి అత్తే. వెనక ఇంట్లో పొయ్యి ముందు నిలబడి ఇక్కడికెందుకొచ్చానా అని వెతుక్కునే మనిషి, బెంచి దగ్గర మాత్రం దేన్నీ వెతుక్కునేది కాదు. మాట తడబడేది కాదు. టకటకమని ఆ చప్పుడు వినిపించినంతసేపూ మామకి తన భార్య ఇంకా తనతోనే ఉందనిపించేది. బావమరిదికి చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. అక్కంటే వాడికి ప్రాణం. ఆ పూటే వచ్చి, "జబ్బు మనిషి చేత సుత్తి పట్టిస్తావా బావా" అని నిలదీసి, తన ఇంటికి తీసుకుపోతాడు. అక్కడ మెత్తటి మంచం ఉంటుంది, వేళకి తిండి ఉంటుంది, బెంచి ఉండదు. బెంచి లేకపోతే ఆవిడ ఎంతకాలం ఆవిడలా ఉంటుంది? అందుకే మామ నోరు మూసుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తనకు తనే చెప్పుకున్నాడు. చించుకోకపోతే లోపలే కుళ్ళుతుందని ఎవరూ చెప్పలేదు.

అప్పుడే బావమరిది కారు పంపు కారడం మొదలుపెట్టింది.

పొద్దున్నే వచ్చాడు. "బావా, నా గుర్రం మూత్రం పోస్తోంది, చూడు" అన్నాడు. మామ బోనెట్ ఎత్తి, పంపు కిందనున్న చిన్న కన్నాన్ని వేలితో తడిమాడు. తడి. లోపల సీలు పోతే బేరింగు తడవకుండా నీళ్ళు బయటికి పోవడానికని పెట్టిన కన్నం అది. ఫ్యాను పట్టుకుని ఊపితే షాఫ్టు టకటక ఆడింది. "నీ గుర్రానికి కీళ్ళు కూడా పోయాయిరా. మధ్యాహ్నానికి ఇస్తా, ఈలోగా మీ అక్క చేతి చీవాట్లు తిను" అన్నాడు.

నీళ్ళు దించాడు. బెల్టు వదులు చేసి తీశాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి, పొడుగువీ పొట్టివీ కలిసిపోకుండా అట్టముక్కలో ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చాడు. పంపు ఊడదీసి, షాఫ్టు దించి, కొత్త బేరింగు, కొత్త సీలు వేశాడు. చేత్తో తిప్పితే మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. పంపుని బెంచి మీద అత్త ముందు పెట్టి, ఇంజను మొహానికి అంటుకున్న పాత కాగితం గీకడానికి వెళ్ళాడు. బావమరిది పక్కన నిలబడి కబుర్లు చెబుతున్నాడు. వెనకనుంచి టకటక వినిపిస్తూనే ఉంది. ఎప్పటిలాగే నిదానంగా, సమంగా.

ఒక్కటే వినిపించలేదు. "నీళ్ళ దారి ముందు" అన్న మాట ఆ రోజు ఆవిడ నోట రాలేదు. అది లేదన్న సంగతి మామకి అప్పుడు తట్టలేదు. రోజూ వినే మాట ఒక పూట వినపడకపోతే ఎవరికి తెలుస్తుంది?

అత్త ప్యాకింగ్ అతికించిన పంపుని తెచ్చి అతని చేతిలో పెట్టింది. బావమరిది ఏదో జోకు వేశాడు, మామ నవ్వుతూ పంపు అందుకున్నాడు, రేడియేటర్‌కీ ఇంజనుకీ మధ్య ఉన్న ఇరుకులోకి దించి, తడిమి చూసుకుంటూ బోల్టులు బిగించాడు. గ్రీజు పూసిన కాగితం నల్లగానే ఉంటుంది, కిటికీ లోపలి చీకటీ నల్లగానే ఉంటుంది. చూడనివాడికి రెండూ ఒకటే. ఇన్నేళ్ళుగా అతను ఏనాడూ తిప్పి చూడలేదు. చూస్తే ఆవిణ్ణి అనుమానించినట్టు.

బెల్టు వేసి, నీళ్ళు నింపుతుండగా టైర్ల షాపు ముసలాయన గుమ్మంలోకి వచ్చి సైగ చేశాడు. మామ దగ్గరికి వెళితే చెవిలో చెప్పాడు: "అత్త బస్టాపు దగ్గర నిలబడి ఉంది మామా. ఎక్కడికమ్మా అంటే ఇంటికంటోంది." మామ వెనక్కి తిరిగి చూశాడు. బెంచి ఖాళీగా ఉంది.

మొహంలో మాత్రం ఏమీ కనిపించనివ్వలేదు. "ఇప్పుడే వస్తారా, బండి కదపకు. ఇంకా గొట్టాలు చూడలేదు" అని బావమరిదితో చెప్పి, వీధి మలుపు దాకా నడిచాడు. మలుపు తిరిగాక పరిగెత్తాడు.

అత్త బస్టాపులో చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. సంచిలో సుత్తి ఉంది. మామని చూసి, "ఇంత ఆలస్యమా? బస్సు వెళ్ళిపోయింది" అని కోప్పడింది. ఏ బస్సో ఇద్దరికీ తెలియదు. చెయ్యి పట్టుకుంటే విదిలించింది. బతిమాలి, బుజ్జగించి, బెంచి మీద పని ఉందని చెప్పి తీసుకురావడానికి చాలాసేపు పట్టింది.

వచ్చేసరికి షెడ్డు ఖాళీ. ఎవరో పెద్దాయన్ని రైలెక్కించాలని ఫోను వచ్చిందట. "మా బావ చెయ్యి పడ్డాక పరీక్షలేమిటి" అంటూ బావమరిది తనే రేడియేటర్ మూత బిగించుకుని, బోనెట్ వేసుకుని వెళ్ళిపోయాడని ముసలాయన చెప్పాడు. మామ ఫోను చెయ్యొచ్చు. తీసి, చేతిలో పట్టుకున్నాడు కూడా. ఫోను చేసి ఏమని చెప్పాలి? నేను వెళ్ళింది మీ అక్కని వెతకడానికి అనా? పోనీలే, ఆవిడ కోసిన ప్యాకింగేగా అనుకుని జేబులో పెట్టేసుకున్నాడు. మనిషిని ముంచేది ఒక్కోసారి నమ్మకమే.

సాయంత్రం కారుని తాడు కట్టి లాక్కొచ్చారు.

రైలు దొరికింది, ఎక్కాల్సిన పెద్దాయన వేరే బండిలో వెళ్ళి ఎక్కాడు, ఎవరికీ ఏమీ కాలేదు. కారుకే అయింది. స్టీరింగు ముందు ఇంజను వేడి చూపించే ముల్లు కదలకపోయేసరికి బావమరిది ధైర్యంగా తొక్కాడట. కదలని నీళ్ళలో ముల్లు మాత్రం నిజం ఏం చెబుతుంది? ముందు ఏదో వాసన, తర్వాత చప్పుడు, తర్వాత బోనెట్ అంచుల్లోంచి ఆవిరి. హెడ్డు పగిలింది. పిస్టన్లు పట్టేశాయి. ఆ ఇంజను మళ్ళీ లేవదని మామకి బోనెట్ ఎత్తకముందే అర్థమైంది.

బావమరిది వీధి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మామ ఒక్కడే లోపల పంపు విప్పాడు. స్పానరు రెండుసార్లు జారింది. పంపు ఊడివచ్చింది. తిప్పి చూశాడు.

ప్యాకింగ్ చెక్కుచెదరలేదు. బోల్టు కన్నాలన్నీ గీసినట్టున్నాయి. బయటి అంచు ఎప్పటిలాగే వెంట్రుకవాసి తేడా లేదు. నడిమధ్య కిటికీ లేదు. అక్కడ కాగితం నిండుగా, మూసిన రెప్పలా ఉంది. నీళ్ళు తోసీ తోసీ కాస్త ఉబ్బింది గాని చిరగలేదు. చిరగని కాగితాన్నే ఏరికోరి కొనేది అత్త. నాసిరకం కాగితమైనా బాగుండేది, పగిలి దారి ఇచ్చేది.

బావమరిది లేచి లోపలికి వస్తున్న అడుగులు వినిపించాయి. మామ ఆ కాగితాన్ని ఊడబెరికి చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

"ఏమైంది బావా?"

మామ నోరు తెరిచాడు. బావమరిదే అందుకున్నాడు. "నాకు తెలుసు. గొట్టాల్లో గాలి పట్టేసింది కదూ? నువ్వు కదపకన్నావు. గొట్టాలు చూడాలన్నావు. నేనే ఆగలేకపోయాను. నా బండిని నేనే చేతులారా చంపుకున్నాను బావా." అని మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు.

ఆ క్షణంలో ఒక్క మాట చెబితే సరిపోయేది. మామ చెప్పలేదు. బెంచి దగ్గర అత్త సుత్తి పట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ గొడవ చూస్తున్నట్టు చూస్తోంది. మామ ఆవిడ వైపు చూశాడు, నేల మీద కూర్చున్నవాడి వైపు చూశాడు, "పోనీలేరా" అన్నాడు. క్షమించేశాడు! తప్పు చేసినవాడు తప్పు లేనివాణ్ణి పెద్దమనసుతో క్షమించడం కన్నా నీచం ఏముంటుంది? అది మామకీ తెలుసు. దొంగకి తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, ఓర్చుకోవడానికీ లేదు.

బావమరిది కారు ఇనుప సామాను కొట్టుకి పోయింది. వాడు ఎవరి కారుకో జీతానికి డ్రైవరుగా కుదిరాడు. మనిషి చిక్కిపోయాడు. జోకులు మానేశాడు. వచ్చినప్పుడల్లా షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి, "అక్క ఆ రోజు విన్నట్టు లేదు, చెప్పకు బావా, నా వల్లే బండి పోయిందని తెలిస్తే బాధపడుతుంది" అనేవాడు. మామ తలూపేవాడు. వాడు వెళ్ళాక వెనక ఇంట్లోకి పోయి, కారే కుళాయి కింద తల పెట్టి నిలబడేవాడు.

ఆ తర్వాత అత్త కోసిన ప్రతి ప్యాకింగ్‌నీ మామ వెలుతురులో పట్టుకుని చూడడం మొదలుపెట్టాడు. కొన్ని నిక్షేపంలా ఉండేవి. కొన్నిటికి బోల్టు కన్నాలు రెండు వైపులా ఉండాల్సింది ఒకే వైపు ఉండేవి. ఒకదానికి కన్నాలే లేవు. మామ అన్నిటికీ "బాగుంది" అనేవాడు, పక్కకి వెళ్ళి పనికిరానివాటిని పాత బెల్టుల వెనక పడేసి, బజారు ప్యాకింగ్‌కి జిగురు పూసి బిగించేవాడు. జిగురు పూస్తున్నప్పుడు ఆవిడకి వీపు పెట్టేవాడు. ఇంత చేసినా కార్లు తగ్గిపోయాయి. మామ బిగించిన పంపూ కారుతోందని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. అన్నిటికన్నా కష్టం, ఇంత మోసమూ చేసి నిలబెట్టుకున్న ఆ టకటక చప్పుడు కూడా రోజురోజుకీ తగ్గిపోతోంది. మధ్యలో ఆగేది. ఆగితే చాలాసేపు ఆగేది.

బావమరిది కారులోంచి ఊడదీసిన ఆ ప్యాకింగ్‌ని మామ పారెయ్యలేదు. తలుపు వెనక మేకుకి తగిలించిన పాత చొక్కా జేబులో అలాగే ఎండి, గట్టిపడి ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. మామ అతనికి బల్ల వేసి, తనూ పక్కన కూర్చున్నాడు. లోపల అత్త ఉతకడానికి బట్టలు తీస్తోంది. కాసేపటికి వెనక తలుపు తీసుకుని షెడ్డులోకి వచ్చింది. చేతిలో ఆ ప్యాకింగ్ ఉంది.

మామ బల్ల మీంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరండీ ఇది కోసింది?" అంది అత్త. గొంతు మునుపటి గొంతే, కటువుగా, స్పష్టంగా ఉంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. చుట్టూ కన్నాల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు వచ్చింది, నడిమధ్య నుంచి రాలేదు. "చెయ్యి మంచిదే, కాదనను. బుర్రే లేదు. నీళ్ళెటు పోతాయి? ఇది పెడితే ఇంజను బతుకుతుందా? ఏ మొద్దు కోశాడు దీన్ని?"

బావమరిది కాగితం వైపు చూశాడు. వాడు పంపుల మనిషి కాకపోయినా ఈ షెడ్డులో పెరిగినవాడు. ఆ గుడ్డు ఆకారం ఏ కారుదో వాడికి తెలుసు. నిదానంగా బావ వైపు తిరిగాడు. మామ తలెత్తలేదు.

"అడుగుతుంటే పలకరేం?" అంది అత్త.

బావమరిది లేచాడు. "నేనే అక్కా" అన్నాడు. "తెలియక కోశాను."

"నువ్వా! నీకెన్నిసార్లు చెప్పానురా, నీళ్ళ దారి ముందు అని? బోల్టు కన్నం మర్చిపోతే బోల్టే గుర్తు చేస్తుంది. నన్నడిగితే కోసిచ్చేదాన్నిగా!" నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. వాడు తల వంచి వేయించుకున్నాడు. ఆవిడ బెంచి దగ్గర కూర్చుని కాగితాన్ని చెక్క మీద పరిచింది. పంపు లేదు, అంచు లేదు, కొలత లేదు. బొటనవేలితో నడిమధ్య ఒకసారి తడిమి, పంచి ఆనించి, సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వచ్చింది. కోడిగుడ్డంత ముక్క ఊడి కింద పడింది. ఊది, వెలుతురులో చూసి, మామకి అందించింది.

"ఇప్పుడు బిగించండి. ఇంక భయం లేదు" అంది.

మామ రెండు చేతులా అందుకున్నాడు. తప్పు వెతకడానికి కూడా వీల్లేనంత బాగుంది.

బావమరిది వీధిలోకి వెళ్ళిపోయాడు. మామ వెనకే వెళ్ళాడు. "ఒరేయ్" అన్నాడు. బావమరిది ఆగాడు గాని వెనక్కి తిరగలేదు. "బండి పోయినందుకు కాదు బావా. అక్క ఇట్లా అయిపోతుంటే నాకొక్క మాట చెప్పకపోయావే. ఆ కాస్త రోజులూ నేను వచ్చి దాని పక్కన కూర్చునేవాణ్ణిగా. నువ్వొక్కడివే ఉంచేసుకున్నావు" అన్నాడు. వాడన్నదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు.

మర్నాడు పొద్దున్న అత్త మామూలుగానే వచ్చి బెంచి ముందు కూర్చుంది. మామ ఒక పాత పంపు తుడిచి ఆవిడ ముందు పెట్టాడు. పంపు మొహం మీద కొత్త కాగితం పరిచాడు. సుత్తి చేతిలో పెట్టాడు. ఆవిడ సుత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది, మెత్తగా తీసి పక్కన పెట్టింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మామ మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ మొహంలోకి చూశాడు. సుత్తి తీసి మళ్ళీ అందించాడు. ఆవిడే నేర్పిన మాట కాబట్టి అదైనా పట్టుకుంటుందేమోనని, "నీళ్ళ దారి ముందు" అన్నాడు.

అత్త అతని వైపు మర్యాదగా చూసింది.

"ఏ నీళ్ళండీ?" అంది.